గుమ్మంలో అత్తగారు ఉండగా ఆ ప్రశ్న అడగొద్దు

సర్వే పనిలో చేరిన మొదటి ఏడాది, ఒడిశాలోని గుణుపూర్ దగ్గర ఒక ఊళ్లో, ఒక కోడలి పెదవి చిట్లడానికి నా చేతిలోని కాగితం కారణమైంది. దాని పైన ఒడియాలో పెద్ద అక్షరాలతో గృహహింస సర్వే అని అచ్చయి ఉంది. ఆమెకు ఒడియా చదవడం రాదు. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందిలాగే మాట్లాడటం వరకే వచ్చు. మరిదికి చదవడం వచ్చు. నేను అరుగు మీద కూర్చుని అడుగుతుంటే అతను వెనక నుంచి వచ్చి కాగితం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మర్నాడు మిగిలిన ఇళ్ల కోసం మళ్లీ ఆ వీధికి వెళ్లాను. ఆమె కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడింది. పెదవి వాచి ఉంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

ఆమె నాకు ఏమీ చెప్పలేదు. ప్రతి ప్రశ్నకీ "అలాంటివేం లేవమ్మా" అనే అంది. ఏమీ చెప్పకుండానే దెబ్బ తింది.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పన్నెండేళ్లుగా రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో ఇలాంటి సర్వేలకు తిరుగుతున్నాను. ఇప్పుడు కొత్త అమ్మాయిలకు పని నేర్పుతున్నాను. సంస్థ తరఫున వెళ్లినా, కాలేజీ ప్రాజెక్టు కోసం వెళ్లినా, మన తెలుగు ఇళ్లల్లో ఈ విషయం అడగబోయేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొదట సర్వే పేరు మార్చండి. కాగితం మీద, బ్యాగు మీద, ఊళ్లో చెప్పే మాటలో "ఆడవాళ్ల ఆరోగ్యం, జీవితం" అనే ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి పరిశోధనకు ఇచ్చిన భద్రతా సూచనల్లోనూ ఇదే ఉంది. ఇది మోసం అవుతుందా అని అమ్మాయిలు అడుగుతారు. కాదు. ముందు నిజంగానే రక్తహీనత, కాన్పులు, నడుంనొప్పి గురించి అడుగుతాం. హింస ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, ఇప్పుడు ఏం అడగబోతున్నామో పూర్తిగా చెప్పి, రెండోసారి ఒప్పుకోలు తీసుకుంటాం. దాచేది ఇంటి నుంచి, ఆమె నుంచి కాదు.

ఒక ఇంట్లో ఒక్క ఆడమనిషినే అడగండి. తోడికోడళ్లిద్దరినీ అడిగితే ఒకరికొకరు చెప్పుకుంటారు, అది మగవాళ్లకు చేరుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2005-06 నుంచి హింస గురించి విడిగా ఒక భాగమే పెట్టి అడుగుతోంది. అందులోనూ ఇంటికి ఒక్కరినే ఎంచుకుంటారు, ఏకాంతం దొరక్కపోతే ఆ ప్రశ్నలు వదిలేస్తారు. అంత పెద్ద సర్వేనే వదిలేస్తుంటే, మన లెక్క పూర్తి కాలేదని మనం పట్టుబట్టక్కర్లేదు. ఖాళీగా ఉన్న ఫారం తెచ్చినందుకు నేను ఏ అమ్మాయినీ కోప్పడను. అత్తగారు గుమ్మంలో ఉండగా నింపి తెచ్చిన ఫారం చూస్తే మాత్రం కోప్పడతాను.

ఏకాంతం మన ఊళ్లల్లో చాలా కష్టం. ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. గోడ ఒకటే, అరుగు కూడా దాదాపు ఒకటే. పెరట్లో కూర్చుందాం అంటారు గానీ పక్క పెరడుకి మాట సులువుగా వినబడుతుంది. పిల్లలు వెళ్లిపోయాక అంగన్‌వాడీ గది నాకు బాగా అక్కరకొచ్చింది. పొలం గట్టు, చెరువు గట్టు కూడా పరవాలేదు, దూరం నుంచి ఎవరైనా వస్తే కనబడతారు. మిల్లు షిఫ్టులు నడిచే చోట నైట్ షిఫ్టు చేసొచ్చిన మొగుడు పగలు ఇంట్లో పడుకుని ఉంటాడు, ముందే కనుక్కోండి. సంత రోజు ఇంట్లో మగవాళ్లు ఉండరు కానీ ఆడవాళ్లకూ తీరిక ఉండదు. రెండేళ్లు దాటిన పిల్లాడు పక్కన ఉన్నా ఆపేయండి. "నాన్న కొడతాడని అమ్మ చెప్పింది" అని సాయంత్రం అమాయకంగా అనేస్తాడు.

అందుకే ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఒకరు కోడలితో ఉంటే, ఇంకొకరు అత్తగారి దగ్గర కూర్చుని బీపీ, షుగరు, పింఛను సంగతులు అడగాలి. వినేవాళ్లు దొరికితే పెద్దావిడ గంటసేపు మాట్లాడుతుంది, ఆ మాటలూ రాసుకోండి. మీ ఫారం మీద ఇంకో కాగితం పెట్టుకోండి: నీళ్లు, జ్వరాలు, రేషను గురించి. ఎవరైనా వస్తే వెంటనే ఆ ప్రశ్నలకు మారిపోవాలి. ఈ సంగతి ఆమెకు ముందే చెప్పాలి. "అక్కా, ఎవరైనా వస్తే నేను జ్వరాల గురించి అడుగుతాను, నువ్వు కంగారు పడకు" అంటాను నేను. ఆ ఒక్క మాటతో చాలామంది భుజాలు కిందికి దిగడం చూశాను.

ఇక అడిగే మాట.

హింస అనే మాట వాడొద్దు. అది పేపర్లలో మాట. "మీ ఆయన హింసిస్తాడా?" అంటే లేదనే చెబుతారు. మనవాళ్లు "చెయ్యి చేసుకున్నాడు" అంటారు, "గొడవైంది" అంటారు, ఒడియా వీధుల్లో ఉండేవాళ్లు "మారపిట" అంటారు. "మాటా మాటా వచ్చింది" అన్న మాట వెనక కర్ర కూడా ఉండొచ్చు. అందుకే జరిగే పనుల్ని ఒక్కొక్కటిగా అడగాలి: చెంప మీద కొట్టాడా, తోసేశాడా, జుట్టు పట్టి లాగాడా, తన్నాడా, గొంతు నులిమాడా, కాల్చాడా, కత్తి చూపించి బెదిరించాడా, ఇష్టం లేకపోయినా పక్కకి బలవంతంగా లాగాడా. ఒక్కోదానికి ఎప్పుడైనా జరిగిందా, గత 12 నెలల్లో జరిగిందా అని రెండుసార్లు. చదువుతుంటే మీ గొంతు వణకకూడదు. ఇంటి దగ్గర గట్టిగా పదిసార్లు చదువుకుని వెళ్లండి.

డబ్బు గురించి వదిలేయకండి. 2005 గృహహింస చట్టంలో శరీరం మీద దెబ్బ, లైంగిక హింస, మాటలతో మనసు చంపడంతో పాటు డబ్బు విషయంలో చేసే హింస కూడా ఉంది. "కూలి డబ్బులు ఎవరి చేతికి వస్తాయి? గ్రూపు లోను ఎవరు వాడుకున్నారు, వాయిదా ఎవరు కడుతున్నారు? కన్నవారు పెట్టిన బంగారం ఎక్కడుంది?" అని అడగండి. దెబ్బల గురించి ఎంతకీ నోరు విప్పని మనిషి, తాకట్టులో పోయిన పుస్తెలతాడు గురించి మొదలుపెట్టి మిగతాదంతా చెప్పిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

ఎందుకు కొట్టాడు అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న తప్పు ఆమె దగ్గర వెతుకుతుంది. 2019-21 జాతీయ సర్వేలో చెప్పకుండా బయటికి వెళ్లడం, కూర సరిగ్గా వండకపోవడం, ఎదురు మాట్లాడటం లాంటి ఏడు కారణాలు చెప్పి, ఇందులో దేనికైనా మొగుడు కొట్టడం సబబేనా అని అడిగారు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ దాదాపు 84 శాతం ఆడవాళ్లు కనీసం ఒకదానికి సబబే అన్నారు. దేశం మొత్తం మీద అది 45 శాతం. తెలుగు ఆడవాళ్లకు దెబ్బలంటే ఇష్టం అని ఈ లెక్కని చదివేవాళ్లంటే నాకు కోపం. చిన్నప్పటి నుంచి అమ్మ నోట, అత్త నోట విన్న మాటనే వాళ్లు తిరిగి చెప్పారని నేను అనుకుంటాను. "తప్పు చేస్తే కొట్టడా అమ్మా?" అని ఆమె మిమ్మల్ని అడిగితే వాదించకండి. "ఏం చేసినా కొట్టకూడదక్కా" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి, తర్వాతి ప్రశ్నకి వెళ్లండి. ఆ మాట ఆమె ఎవరి నోటా విని ఉండకపోవచ్చు.

అదే సర్వే ప్రకారం దేశంలో పెళ్లైన ఆడవాళ్లలో 29 శాతం మంది భర్త చేతిలో దెబ్బలో, లైంగిక హింసో ఎదుర్కొన్నారు. హింస ఎదుర్కొన్న ఆడవాళ్లలో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అంటే చాలా ఇళ్లల్లో ఆమె చెప్పుకునే మొదటి మనిషి మీరే. పెన్ను కింద పెట్టి వినండి. రాయడం తర్వాత చేసుకోవచ్చు.

ఒక సంగతి ఆమె నోరు తెరవకముందే చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల మీద లైంగిక హింస జరిగిందని మనకు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. చిన్న వయసు పెళ్లిళ్లున్న ఊళ్లల్లో ఇది తరచూ ఎదురవుతుంది. అంతా విన్నాక చెబితే అది నమ్మకద్రోహం.

ఇప్పుడు సాయం సంగతి. సర్వే మొదలుపెట్టే ముందే జిల్లా సఖి కేంద్రానికి స్వయంగా వెళ్లిరండి. సఖి పథకం 2015లో మొదలైంది. వైద్యం, పోలీసు సాయం, వకీలు, కౌన్సెలింగ్, కొద్దిరోజుల బస ఒకేచోట దొరకాలన్నది ఉద్దేశం. రాత్రిపూట తలుపు తీస్తారా, తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారా, పిల్లల్ని తెచ్చుకోనిస్తారా అని అడిగి తెలుసుకోండి. తెలియని చోటికి మనిషిని పంపొద్దు. ఆడవాళ్ల హెల్ప్‌లైను 181కి ఆ ఊరి నుంచే ఒకసారి ఫోన్ చేసి చూడండి, సరిహద్దు ఊళ్లల్లో సిగ్నల్ ఏ రాష్ట్రం టవర్ది అందుతుందో చెప్పలేం. నంబర్లు రాసిన చీటీ ఇచ్చేటప్పుడు 108 (అంబులెన్సు), 112 (పోలీసు, అత్యవసరం), 1098 (పిల్లల సాయం), 181, 15100 (ఉచిత న్యాయసహాయం) అన్నీ కలిపి, ఆరోగ్య నంబర్లు అని పైన రాసి ఇవ్వండి. వద్దంటే ఇవ్వకండి. కొందరు 181 ఒక్కటే గుర్తు పెట్టుకుంటామంటారు, అది చాలు.

మా సరిహద్దులో అందరూ తప్పు చెప్పే విషయం ఒకటుంది. పార్వతీపురం, సాలూరు, పాతపట్నం వైపు నుంచి ఇక్కడికి కోడళ్లుగా వచ్చినవాళ్లు చాలామంది. దెబ్బలు తిని కన్నవారింటికి వెళ్లిపోతే, "కాపురం ఒడిశాలో చేశావు, కేసు అక్కడే పెట్టుకో" అంటారు. ఇక్కడికొస్తే కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి, వెంట వచ్చే దిక్కుండదు. కేసు అక్కడే పెట్టుకోవాలనడం తప్పు. గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె ఉంటున్న చోట, తాత్కాలికంగా తలదాచుకున్న చోటైనా సరే, మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ కోర్టు ఇచ్చిన ఆర్డరు దేశమంతా చెల్లుతుంది. ఫోర్ నైంటీ ఎయిట్ అని మనం పిలిచే క్రూరత్వం కేసు కూడా (2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్) ఆశ్రయం పొందిన చోటైనా పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసుకుని బ్యాగులో పెట్టుకోండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, ఆ నంబరే 15100.

చాలామందికి మొగుడు జైలుకెళ్లడం అక్కర్లేదు. "దెబ్బలు ఆగితే చాలు, ఇంట్లోంచి గెంటకపోతే చాలు" అంటారు. వాళ్లకి గృహహింస చట్టమే పనికొస్తుంది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు ఇస్తుంది, దగ్గరికి రావొద్దని, ఖర్చులు ఇమ్మని ఆర్డరు ఇస్తుంది. అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అందులో రాసి ఉంది. నిజంగా ఇంకా ఎక్కువ పడుతుంది, అది కూడా చెప్పండి. ఆశ పెట్టి వదిలేయకూడదు.

మీరుగా వెళ్లి మొగుడితో మాట్లాడటం, సర్పంచ్‌తో, ఆశా కార్యకర్తతో ఒక మాట చెప్పి ఉంచడం చేయకండి. పెద్దమనుషుల తగువులో కూర్చోకండి. ఏం చేయాలో ఆమె నిర్ణయం. అయితే గొంతు నులిమాడు అన్నా, చంపుతానంటున్నాడు అన్నా, కడుపుతో ఉన్నప్పుడు తన్నాడు అన్నా, చచ్చిపోవాలనిపిస్తోంది అన్నా ఆ ఇంటి దగ్గర హడావిడిగా లేవకండి. గొంతు నులిమితే పైకి మచ్చ లేకపోయినా లోపల ప్రమాదం ఉండొచ్చు, ఆసుపత్రికి వెళ్లడం మంచిదని చెప్పండి. ఈ రాత్రి ఎక్కడ ఉండగలవు, ఎవరింటికి వెళ్లగలవు అని అడగండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల కాగితాల జిరాక్సులు కన్నవారింట్లోనో నమ్మకమైన ఇంట్లోనో పెట్టుకోమనండి.

పేర్లు రాయొద్దని అందరికీ తెలుసు. కానీ "కుట్టుమిషను ఉన్న, ముగ్గురు ఆడపిల్లల తల్లి, పర్లాకిమిడి నుంచి వచ్చిన కోడలు" అని రాస్తే ఆ ఊళ్లో పేరు రాసినట్టే. రిపోర్టులో ఇలాంటివి మార్చాలి. ఫోన్‌లో ఫొటోలు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు వద్దు. తిరిగొచ్చే బస్సులో ఆ మాట ఎత్తొద్దు, ముందు సీట్లో కూర్చున్నది ఆమె ఆడపడుచు కావచ్చు. ఏ ఊరి అమ్మాయినీ ఆ ఊరికి పంపను, మేనత్తో పిన్నో తగలకుండా ఉండదు.

శిక్షణ గదిలో పదిమంది అమ్మాయిలు కూర్చుంటే, ఆ 29 శాతం లెక్క వాళ్లకీ వర్తించొచ్చు. ఒకసారి ప్రశ్నలు చదువుతుండగా ఒకామె లేచి బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి, ఫీల్డుకి వెళ్లనంటే కారణం అడగను, కంప్యూటర్ పని ఇస్తాను, జీతం తగ్గించను. సాయంత్రం గంటసేపు అందరం కూర్చుంటాం. ఎవరు ఏం మోసుకొచ్చారో అక్కడ దింపుకుంటారు.

లేచేటప్పుడు ఆఖరి ప్రశ్నగా నేను ఒకటి అడుగుతాను: "ఇన్నాళ్లు ఎలా నిలబడ్డావక్కా?" ఏడుస్తున్నవాళ్లు కూడా దీనికి జవాబు చెబుతారు. ఇచ్చిన మంచినీళ్లు తాగండి. పైన జ్వరాల కాగితం కనబడేలా పెట్టుకుని బయటికి రండి, అత్తగారికి వెళ్లొస్తానని చెప్పండి, పక్కింటి తలుపు కూడా తట్టి అదే కాగితం తీసి జ్వరాలు ఏమైనా వచ్చాయా అని అడగండి. ఈ ఇంటికే ప్రత్యేకంగా వచ్చారని వీధిలో ఎవరికీ అనిపించకూడదు.