సెకండాఫ్ ల్యాగ్: కత్తెర పట్టే ముందు ఇంటర్వెల్ చూడండి

లక్షణం అందరికీ తెలిసిందే. ఫస్టాఫ్ బాగుందంటారు, ఇంటర్వెల్ అదిరిందంటారు. సెకండాఫ్ మొదలైన పావుగంటకు హాల్లో అక్కడక్కడా ఫోన్ల వెలుగు కనపడుతుంది. బయటికొచ్చాక ఒకటే మాట: "సెకండాఫ్ కొంచెం ల్యాగ్."

వెంటనే సెకండాఫ్ ట్రిమ్ చేయడానికి కూర్చుంటారు. పాట ఒకటి లేపేస్తారు, కామెడీ ట్రాక్ కోస్తారు. నిడివి తగ్గుతుంది, ల్యాగ్ మాత్రం పోదు. దయచేసి ముందు ఇంటర్వెల్ చూడండి.

మొదటి పరీక్ష

కథ తెలియని మనిషిని కూర్చోబెట్టి ఇంటర్వెల్ దాకా చెప్పి ఆపండి. "ఇప్పుడు ఏం తెలుసుకోవాలని మళ్లీ లోపలికొస్తావు?" అని అడగండి. ఇంతే. ఎన్ని కథాచర్చల సిట్టింగుల్లో చెప్పానో లెక్కలేదు, చేసినవాళ్లు తక్కువ. జవాబు ఒక్క వాక్యంలో రావాలి, అది ఈ కథకు మాత్రమే సరిపోవాలి. "హీరో గెలుస్తాడా లేదా" అంటే జవాబు రానట్టే లెక్క, ఎందుకంటే గెలుస్తాడని టికెట్ కొన్నప్పుడే తెలుసు.

జవాబు రాకపోతే ఎక్కువసార్లు కారణం తేలికే: హీరో కోరుకున్నది ఇంటర్వెల్‌కే దక్కిపోయింది. అమ్మాయి ఒప్పుకుంది, ఇక కొత్త విలన్‌ని దించి కొత్త కథ మొదలుపెట్టారు. ఆ విలన్ నీడ ఫస్టాఫ్ మూడో సీన్లోనే పడాలి, అమ్మాయి ఒప్పుకోవడమే అతనితో గొడవకు కారణం కావాలి.

జవాబు వచ్చినా ల్యాగ్ ఉంటే: ఫ్లాష్‌బ్యాక్

నన్ను బాగా దెబ్బకొట్టింది ఇదే, అందుకే వివరంగా చెప్తాను.

నేను పనిచేసిన ఒక కథలో హీరో కాకినాడలో టిఫిన్ సెంటర్ నడుపుతుంటాడు. ఇంటర్వెల్లో ఒక ముసలాయన వచ్చి అతని కాళ్లమీద పడి "దొరా" అంటాడు. హాలు హోరెత్తింది. 'ఇతనెవరు?' అనే ప్రశ్న కూడా స్పష్టంగానే ఉంది. తర్వాత ముప్పై అయిదు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్: పెద్ద కుటుంబం, అన్నయ్య పెళ్లి, జాతర, ఆ రాత్రి అన్నయ్య హత్య. పదకొండు నిమిషాలు కోశాం. ప్రివ్యూలో మళ్లీ అదే మాట, ల్యాగ్.

చివరికి సీన్ ఆర్డర్ ముందేసుకుని, ప్రతి సీన్ పక్కన 'ఈ పాటికి ప్రేక్షకుడికి ఏం తెలుసు' అని రాసుకుంటూ వచ్చాం. అప్పుడు కనపడింది. ఇతనెవరనే ప్రశ్నకు ఫ్లాష్‌బ్యాక్ అయిదో నిమిషంలోనే జవాబు దొరికిపోయింది. అన్నయ్య చనిపోతాడని అంతకుముందే తెలుసు, ఫస్టాఫ్ పన్నెండో సీన్లో హీరో గదిలో అన్నయ్య ఫొటోకి దండ ఉంది! మిగిలినంతసేపూ తెలిసిన చావు కోసం హాలు కూర్చుని ఉంది. పైగా వర్తమానంలో కథ కాళ్లమీద పడ్డ ముసలాయన దగ్గరే ఆగిపోయింది. తిరిగొచ్చాక ఫైటు తప్ప ఏమీ మిగల్లేదు.

దండ తీసేద్దామన్నారు కొందరు. తీయలేదు. చావు తెలిసినా ఫర్వాలేదు, తెలియనిది ఇంకొకటి ఉండాలి. ముసలాయన వెనకే అమ్మని తెచ్చాం. ఆమె కొడుకుని చూసి, "ఆ రాత్రి గేటు గడియ తీసింది నువ్వే కదరా?" అంటుంది. ఇంటర్వెల్ కార్డు అక్కడ పడింది. ఫ్లాష్‌బ్యాక్‌లో గడియ మీద రెండు షాట్లు, అతను దాన్నెందుకు తీశాడో చూపే ఒక సీను, తిరిగొచ్చాక అమ్మకి ఆ నిజం చెప్పే సీను కలిపాం. కోసేసిన పెళ్లిపాటలో సగం వెనక్కి తెచ్చాం. అదే పాట, ఒక్క ఫ్రేమ్ మారలేదు, ఈసారి జనం కళ్లు పెళ్లికొడుకు వెనకున్న గేటు మీద ఉన్నాయి.

'బాహుబలి' చూసినవాళ్లకి ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. బాహుబలిని ఎవరు చంపారో 2015లో మొదటి భాగం చివర్లోనే చెప్పేశారు, ఎందుకన్నది దాచుకున్నారు. 2017లో వచ్చిన రెండో భాగంలో అంత పెద్ద ఫ్లాష్‌బ్యాక్‌ని ఆ 'ఎందుకు' మోసింది. దానికి తోడు ఇరవై అయిదేళ్లుగా సంకెళ్లలో ఉండి చితికి పుల్లలేరుకునే దేవసేన వర్తమానంలో ఎదురుచూస్తూనే ఉంది. ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక మనం తిరిగి రావడానికి అక్కడో పని ఉంది.

కాబట్టి మీ ఫ్లాష్‌బ్యాక్‌కి రెండు ప్రశ్నలు వేయండి. దాని చివరి సీను దాకా తెలియకుండా ఉండేది ఏమిటి? అది తెలిశాక వర్తమానంలో ఎవరి నిర్ణయం మారుతుంది? రెండోదానికి జవాబు లేకపోతే ఆ ఫ్లాష్‌బ్యాక్ రెండు డైలాగుల్లో అయిపోవాల్సిన సంగతి.

మిగతావి

సీన్లు బాగున్నాయి, కథ కదలడం లేదు అనిపిస్తే పక్కపక్క సీన్లని తారుమారు చేసి చదవండి. తేడా రాకపోతే ఒకటి తీసేయండి. ఉన్నా లేకున్నా తేడా రానిది మొత్తంలో భాగం కాదని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ నాటకాల గురించి రాసిన 'పొయెటిక్స్'లో ఎప్పుడో చెప్పాడు.

కాలం ముందూ వెనకా కావడం వల్ల జనం తికమకపడ్డారంటే నేను తొందరగా నమ్మను. 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో నాలుగు ప్రేమకథలూ ఒక్క మనిషివేనని చివర్లో గానీ తెలియదు, అయినా ఏ కథకి ఆ కథ వరుసగానే నడుస్తుంది.

వెబ్ సిరీస్‌లో మధ్య ఎపిసోడ్లు జారుతుంటే, ముందు ఎపిసోడ్ చివర వేసిన ముడి తర్వాతి ఎపిసోడ్ మొదటి రెండు నిమిషాల్లోనే విప్పేస్తున్నారేమో చూడండి. డైలీ సీరియల్ లెక్క వేరు, ముగియకుండా సాగడానికే దాన్ని కడతారు.

మార్పులయ్యాక మొదటి పరీక్ష మళ్లీ పెట్టండి. పాత మనిషిని మాత్రం పిలవకండి, అతనికి గడియ సంగతి తెలిసిపోయింది.