ఇంట్లో తీసిన ఫోటోలో వస్తువు వస్తువులా కనిపించకపోతే

లక్క గాజులు, ముత్యాల కమ్మలు, వెండి తీగపని డబ్బాలు, మట్టితో చేసిన బుట్టకమ్మలు, జుంకాలు. ఇలాంటి చిన్న సరుకును ఇంట్లోనే ఫోటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మేవారు హైదరాబాద్‌లో ప్రతి కాలనీలోనూ ఉన్నారు. ఫోటో సరిగ్గా రాకపోతే చాలామంది మొదట ఫోను మార్చాలనుకుంటారు. ఆ ఖర్చు చాలావరకు అనవసరమని నా గట్టి నమ్మకం. లోపం సాధారణంగా వెలుతురులోనో, వస్తువుకూ ఫోనుకూ మధ్య ఉన్న దూరంలోనో ఉంటుంది. దాన్ని బల్ల మీదే సరిచేయాలి. తర్వాత ఎడిటింగ్‌లో రంగులు పెంచి కప్పిపుచ్చితే, పార్శిల్ విప్పిన చేతుల్లో అది బయటపడుతుంది.

ఏ సమస్యకైనా ముందు రెండు పనులు చేయండి. ఫోను కెమెరా అద్దాన్ని మెత్తని నూలుగుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డు ఉంటే ఫోటో అంతా పాలపొర కప్పినట్టు వస్తుంది, వెలుగు చుక్కలు చారలుగా సాగుతాయి. తర్వాత గదిలో లైట్లన్నీ ఆపి, బల్లను కిటికీ పక్కకు జరపండి. అప్పటికీ లోపం మిగిలితే కింద వెతకండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏ మార్పు పనిచేసిందో తెలియదు.

చేతిలో ఒక రంగు, ఫోటోలో మరో రంగు

సరుకు వెనక్కి వచ్చిందంటే నేను ముందు అనుమానించేది రంగునే. మెరూన్ గాజు ఎర్రగా పడుతుంది, నెమలికంఠం రంగు నీలంగా మారుతుంది, బంగారు పూత ఇత్తడిలా కనిపిస్తుంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి కాబట్టి ఓపిగ్గా ఒక్కొక్కటే చూడాలి.

మొదటిది, రెండు రకాల వెలుగు కలవడం. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు: పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్, పసుపు బల్బు 2700, ఇళ్లలో సాధారణంగా వాడే తెల్ల ట్యూబ్‌లైట్ 6500. ఫోను వీటిలో ఒకదానికే సర్దుకోగలదు. కిటికీ వైపు సగం నీలంగా, బల్బు వైపు సగం పసుపుగా ఉంటే కారణం ఇదే. ఒక్క వెలుగునే ఉంచండి.

లైట్లు ఆపినా రంగు తేడా పోకపోతే, బల్ల మీద ఖాళీ తెల్ల కాగితం మాత్రమే పెట్టి ఫోటో తీయండి. కాగితంలోనే ఆకుపచ్చ ఛాయ ఉంటే బాల్కనీకి కట్టిన పచ్చ నీడవల నుంచి వెలుగు వడకట్టుకుని వస్తోందన్నమాట. నీలంగా ఉంటే పక్క మేడ మీది టార్పాలిన్‌ను, గులాబీగా ఉంటే గోడ సున్నాన్ని అనుమానించండి. మీరు వేసుకున్న ఎర్ర చొక్కా కూడా దగ్గరి వస్తువు మీద ఛాయ వేస్తుంది. వల పక్కకు తీయండి, గోడ వైపు తెల్ల చార్టు నిలబెట్టండి, లేత రంగు బట్టలు వేసుకుని ఫోటో తీయండి.

కాగితం తెల్లగానే వచ్చి, వస్తువు పెట్టగానే రంగు మారితే తప్పు ఫోను లెక్కది. తెర నిండా బంగారు రంగే ఉన్నప్పుడు ఫోను దాన్ని పసుపు వెలుగనుకుని, తగ్గించడానికి నీలం కలుపుతుంది. అమరికలను మన చేత్తో మార్చుకునే ప్రో మోడ్ ఉన్న ఫోనులో వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపును తెలుపుగా చూపే అమరికను, తెల్ల కాగితం మీద సరిచూసి, ఆ అంకె దగ్గరే ఆపేయండి. ప్రో మోడ్ లేకపోతే వస్తువు చుట్టూ తెల్ల కాగితం ఎక్కువగా కనిపించేలా తీసి, తర్వాత కత్తిరించుకోండి.

ఎరుపుది మరో చిక్కు. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను వేడిచేసి, చేత్తో ఒక్కొక్క రాయీ అద్ది చేసే ఆ పనితనమంతా ముదురు ఎరుపులో ఒకే ముద్దగా పడిపోతుంటే చూడటానికి బాధేస్తుంది. గాఢమైన ఎరుపులో ఫోను ఎరుపు సంకేతం హద్దు దాటుతుంది, దాంతో లోపలి గీతలు, మడతలు మాయమవుతాయి. తెర మీద గాజును తాకి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగి వెలుగు కాస్త తగ్గించండి. అద్దిన రాళ్ల అంచులు విడిగా కనిపించేదాకా తగ్గిస్తే చాలు.

అన్నీ సరిగ్గా ఉన్నా రంగు కుదరడం లేదంటే మీరు చూస్తున్న తెరను పరీక్షించండి. సాయంత్రం కాగానే కళ్ల రక్షణకు తెరను పసుపుగా మార్చే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. రంగులను గాఢంగా చూపే ‘వివిడ్’ అమరిక కూడా మోసం చేస్తుంది. రెండూ ఆపి, ఇంట్లో మరొకరి ఫోనులో కూడా చూడండి, వస్తువును పక్కన పెట్టుకుని మరీ.

పగలు ఉద్యోగం చేసి రాత్రి ఫోటోలు తీసేవారు బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ అంకె, అంటే ఆ వెలుగు రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే అంకె, చూసి కొనాలి. 80 ఉన్న మామూలు ఎల్‌ఈడీ వెలుగులో ముదురు ఎరుపు నీరసంగా కనిపిస్తుంది. 90 దాటినవి రెండు తీసుకుని, రెండూ ఒకే రకమైనవే వాడండి.

కిటికీ విషయంలో ఉత్తరం వైపుది మేలు. ఏడాదిలో చాలా భాగం అక్కడ నేరుగా ఎండ పడదు. అయితే హైదరాబాద్ కర్కాటక రేఖకు దక్షిణంగా ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం నీడ మాయమవుతుంది. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా సాగుతాడు కాబట్టి ఉత్తరపు కిటికీకి కూడా ఏటవాలు ఎండ తగులుతుంది. అప్పుడు కిటికీకి ట్రేసింగ్ పేపర్ అంటించండి. మబ్బు పట్టిన వానాకాలపు ఆకాశం మెత్తని వెలుగునిస్తుంది గానీ, అది నిమిషానికోలా మారుతుంది. ఒకే సెట్టు గాజులను వరసగా, ఆలస్యం చేయకుండా తీసేయండి.

తెల్ల కాగితం బూడిద రంగులో పడుతోంది

ఫోను దేన్ని చూసినా సగటు బూడిద వెలుగుకు తేవాలని ప్రయత్నిస్తుంది. తెర నిండా తెలుపు ఉంటే దాన్నీ అక్కడికే దించుతుంది. నల్లని వస్తువు తెర నింపినప్పుడు ఇదే తిరగబడి, నలుపు వెలిసిపోయినట్టు వస్తుంది. తెర మీద వేలితో కాసేపు నొక్కి ఉంచి ఫోకస్‌నూ వెలుగునూ బిగించి, తెలుపుకైతే సూర్యుడి గుర్తును పైకి, నలుపుకైతే కిందికి జరపండి.

కాగితం ఒకవైపే బూడిదగా ఉంటే అది నీడ. కిటికీకి ఎదురుగా, వస్తువుకు జానెడు దూరంలో థర్మాకోల్ పలక నిలబెట్టండి. దూరంగా పెడితే ప్రయోజనం ఉండదు. వస్తువు వెనక గీత కనిపిస్తుంటే చార్టును మడవకుండా, గోడకు అంటించి బల్ల మీదికి వాలుగా జారేలా పరవండి. అమెజాన్‌లో మొదటి ఫోటోకు వెనక స్వచ్ఛమైన తెలుపు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్‌జీబీ) విలువలు మూడూ 255, ఉండాలని నియమం. ఆ ఒక్క ఫోటోకు ఎడిటింగ్‌లో నేపథ్యం తొలగించడం తప్పు కాదు. అయితే కాగితం ముందే తెల్లగా పడి ఉంటే, ముక్కుపుడక తీగ లాంటి సన్నని అంచులు తెగిపోకుండా మిగులుతాయి.

మెరిసే వస్తువు మీద ఫోను, చేతులు, కిటికీ కడ్డీలు కనిపిస్తున్నాయి

చిన్న వస్తువుల్లో కష్టమైనదీ, నాకు ఇష్టమైనదీ ఇదే. మెరిసే వస్తువుకు సొంత రూపం తక్కువ, తన చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. అందుకే ఫోటో తీసేముందు వంగి, కెమెరా ఉండే చోట కన్ను పెట్టి, వస్తువులో ఏం కనిపిస్తోందో చూడండి. కనిపించకూడనిది కనిపిస్తే దానికి అడ్డంగా తెల్ల కాగితం పెట్టాలి. వెండి గిన్నెకైతే ట్రేసింగ్ పేపర్‌ను గుడారంలా చుట్టి, ఫోనుకు మాత్రం చిన్న కంత వదలండి. ఆ తర్వాత వెండి తెల్ల కాగితంలో కలిసిపోయి అంచులు మాయమైతే భయపడకండి. రెండు పక్కలా సన్నని నల్ల చార్టు ముక్కలు నిలబెట్టగానే అంచు వెంట నల్ల గీత పడి ఆకారం తేరుకుంటుంది. కరీంనగర్ వెండి తీగపనికి ఈ నల్ల ముక్కలు తప్పనిసరి, లేకపోతే తీగల మధ్య ఖాళీలు కనిపించవు.

ముత్యాలకు పూర్తి గుడారం వేయకండి. ముత్యం నాణ్యత దాని నిగారింపులో ఉంటుంది, ఆ నిగారింపు తెలిసేది దాని మీద పడిన వెలుగు అంచు ఎంత స్పష్టంగా ఉందన్నదాన్ని బట్టి. అన్ని వైపులా ఒకే తెలుపు ఉంటే పత్తర్‌గట్టీలో ఏరి తెచ్చిన ముత్యమైనా సుద్దముక్కలా కనిపిస్తుంది. వెలుగు ఒక పక్క నుంచే రానిచ్చి, ఎదురుగా నల్ల కాగితం పెట్టండి. ప్రతి ముత్యం మీదా ఒక మెరుపు, ఒక నీడ వచ్చి గుండ్రదనం తెలుస్తుంది.

బిద్రీ సామానులో నల్లని ఒంటి మీద వెండి పొదుగుతారు. ఫోటోలో ఆ వెండి నల్లబడి, పనితనం కనిపించడం లేదంటే వెండి చీకటి గదిని చూస్తోందని అర్థం. తెల్ల పలకను మెల్లగా జరుపుతూ ఉంటే ఒక చోట వెండి అంతా ఒక్కసారిగా వెలుగుతుంది, నలుపు నలుపుగానే ఉంటుంది. పలకను అక్కడే ఆపండి.

రాళ్ల నగలు, అద్దాల గాజులు వెలవెలబోతున్నాయంటే కారణం దీనికి వ్యతిరేకం. మెత్తని వెలుగులో రాయి తళుక్కుమనదు. దానికి చిన్న, తీక్షణమైన వెలుగు కావాలి. కిటికీ వెలుగు అలాగే ఉంచి, ఇంకొకరు మీటరు దూరం నుంచి మరో ఫోను టార్చిని కాస్త కదిలిస్తూ ఉండగా వరసగా తీసి, తళుకు బాగా పడిన ఫోటోను ఎంచుకోండి. ఫోటో తీసే ఫోను ఫ్లాష్ మాత్రం వాడకండి. ఎదురుగా కొట్టిన వెలుగులో చెక్కుడు పనంతా చదునైపోతుంది.

మసకగా వస్తోంది, లేదా ముందు భాగమే స్పష్టంగా ఉంది

మరీ దగ్గరికి వెళ్లడం మొదటి కారణం. ఫోను ప్రధాన కెమెరాకు ఇంతకన్నా దగ్గరైతే ఫోకస్ కుదరదన్న హద్దు ఉంటుంది. చాలా ఫోన్లలో అది 10 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ. వెనక్కి జరిగి 2 రెట్ల జూమ్ పెట్టండి. 12 మెగాపిక్సెల్ ఫోటో సుమారు 4000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, సగం కత్తిరించినా 2000 మిగులుతాయి. జుంకా ముందు పూస స్పష్టంగా ఉండి వెనక గంట మసకబారినా మందు ఇదే. దగ్గరయ్యేకొద్దీ స్పష్టంగా ఉండే లోతు తగ్గిపోతుంది. చవక ఫోన్లలో ఉండే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరాను నేను వాడవద్దంటాను, ప్రధాన కెమెరాతో తీసి కత్తిరించిందే మెరుగ్గా ఉంటుంది.

మసక ఫోటో అంతటా ఒకే దిశలో సాగినట్టుంటే చేయి వణికిందన్నమాట. స్టాండు లేకపోతే ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, 3 సెకన్ల టైమర్ పెట్టండి.

ఉంగరం కోడిగుడ్డు ఆకారంలో, పెట్టె ముందుకు ఉబ్బి

ఇదీ దూరం సమస్యే. దగ్గరికి వెళ్లగానే కొన్ని ఫోన్లు చెప్పకుండా వెడల్పు కెమెరాకు మారతాయి. తెర మూలన పువ్వు గుర్తు కనిపిస్తే దాన్ని నొక్కి ఆపండి, రెండడుగులు వెనక్కి వెళ్లి జూమ్‌తో తీయండి.

తెర మీద నల్ల చారలు కదులుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. దాని మీద నడిచే లైట్లు కొన్ని సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, కన్ను పట్టదు, కెమెరా పడుతుంది. ప్రో మోడ్‌లో షట్టర్ వేగం సెకనులో 1/100 లేదా 1/50 వంతు పెట్టండి. లేదా పగటి వెలుగులో తీయండి.

‘ఇంత చిన్నదా?’ అని వాపసు పంపుతున్నారు

ఒంటరిగా తీసిన వస్తువు పరిమాణం ఎవరికీ తెలియదు. మొదటి ఫోటోలో ఏమీ పెట్టకండి, వస్తువు చట్రంలో 85 శాతం నిండాలన్నది అమెజాన్ నియమం. రెండో మూడో ఫోటోలో మాత్రం పది రూపాయల నాణెం పక్కన పెట్టండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు, దేశమంతా చూసినదే. చెవికమ్మలను మనిషి చెవికి పెట్టి ఒక ఫోటో తీస్తే ఇంకా మంచిది.

గాజులకు నాణెం చాలదు. 2-4, 2-6, 2-8 అన్న అంకెల్లో రెండోది అంగుళంలో పదహారో వంతుల లెక్క. అందుకే 2-4 అంటే లోపలి వ్యాసం 2.25 అంగుళాలు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2-6 సుమారు 60, 2-8 సుమారు 63.5. స్కేలును గాజు లోపల, సరిగ్గా మధ్యలోంచి పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి తీయండి. ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది, 2-6 అనుకుని తెప్పించుకున్న చేతికి 2-4 ఎక్కదు.

ఫోనులో బాగుంది, అమ్మకం పేజీలో చెదిరిపోయింది

వాట్సాప్‌లో ఫోటోగా పంపుకుంటే అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపుకోండి, లేదా తీసిన ఫోను నుంచే నేరుగా ఎక్కించండి. పొడవు వైపు 1000 పిక్సెళ్లు దాటితేనే అమెజాన్‌లో కొనేవారు పెద్దది చేసి చూడగలరు. ఫోటో అసలు ఎక్కకపోతే ఐఫోన్‌లో హెచ్‌ఈఐసీ రూపంలో ఉందేమో చూడండి, కెమెరా అమరికల్లో జేపెగ్‌కు మార్చుకుంటే సరిపోతుంది.