డొమైన్ పేరు కొనే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

• కొనదలచిన పేరుపై ట్రేడ్‌మార్క్ ఉందేమో భారత రిజిస్ట్రీలోనూ, అమెరికా రికార్డుల్లోనూ వెతికి, ఆ ఫలితాలను తేదీతో సహా భద్రపరచుకోవాలి.

• నిఘంటువులో ఉన్న మామూలు మాటే కదా అన్న ధీమా చాలదు. ఆ పేరుతో తెరుచుకునే పార్కింగ్ పేజీలో (సొంత సైట్ లేని పేరుపై ప్రకటనలు చూపే పేజీలో) ట్రేడ్‌మార్క్ యజమాని పోటీదారుల ప్రకటనలు కనిపిస్తే, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ సంస్థ 1999లో ఆమోదించిన యూడీఆర్‌పీ అనే డొమైన్ వివాద పరిష్కార విధానం కింద అదే దురుద్దేశానికి సాక్ష్యం కావచ్చు. అవి వాటంతట అవే వచ్చాయన్న వాదన సాధారణంగా నిలవదు.

• మార్కు యజమానికి మనమే ఉత్తరం రాసి, అయిన ఖర్చుకు మించిన ధర అడగడం, నా దృష్టిలో, అన్నిటికన్నా ప్రమాదకరం.

• మార్కు యజమాని ఫిర్యాదుపై యూడీఆర్‌పీ విచారణ మొదలైతే జవాబుకు 20 రోజులే గడువు గనుక, డొమైన్ పేరు నమోదు చేసే రిజిస్ట్రార్‌కు ఇచ్చిన ఈమెయిల్ పనిచేస్తోందో లేదో ముందే సరిచూసుకోవాలి.

• డాట్ ఇన్ పేర్లకు ఐఎన్‌డీఆర్‌పీ అనే వేరే వివాద పరిష్కార విధానం వర్తిస్తుంది.