పాత బ్రిటిష్ నవల గట్టి అట్ట పుస్తకం కొనేముందు ఎలా చూసుకోవాలి?

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల్లో ఒక్కోసారి లండన్‌లో అచ్చయిన పాత నవల కంటపడుతుంది. ముదురు రంగు గుడ్డ అట్ట, వెన్ను మీద సగం చెరిగిన బంగారు అక్షరాలు. బేరం మొదలుపెట్టేముందు అయిదు నిమిషాలు దాన్ని చేతిలో ఉంచుకోండి.

మొదట కుట్టు చూడండి. అట్ట మాసినా, మూలలు అరిగినా నేను పట్టించుకోను. కుట్టు పోతే మాత్రం కొనను. పుస్తకాన్ని అరచేతిలో ఆనించి ముందు అట్ట మెల్లగా తెరవండి. అట్ట వెన్నును కలిసేచోటి మడత చీలి లోపలి వలగుడ్డ బయటపడిందంటే అట్ట ఊడే రోజు దగ్గరపడినట్టే. మధ్యలో రెండు మూడు చోట్ల కూడా తెరవండి. ఏదైనా ఫారం, అంటే కలిపి మడిచి కుట్టిన పేజీల కట్ట, మిగతావాటికన్నా ముందుకు జారి ఉంటే అక్కడ దారం తెగింది.

తర్వాత వయసు. టైటిల్ పేజీ, దాని వెనక పేజీ చదవండి. అట్టకు తొడిగిన కాగితపు జాకెట్ మీద ధర షిల్లింగుల్లోనే ఉంటే అది 1971కి ముందుది. ఆ ఏడాది ఫిబ్రవరి 15న బ్రిటన్ షిల్లింగు లెక్క వదిలేసింది. ఒక పుస్తకాన్ని ఎక్కి కూర్చున్న సింహం బొమ్మ అచ్చయి ఉంటే 1940ల నాటి పొదుపు ముద్రణ. కాగితం పలచన, మార్జిన్లు ఇరుకు. పేజీ మూల మడవకండి, విరిగిపోవచ్చు.

పాతది కాబట్టి అరుదైనదని ఎవరైనా వేల రూపాయలు అడిగితే ఒప్పుకోవద్దు. లండన్ ప్రచురణకర్త జె.ఎం. డెంట్ 1906లో మొదలుపెట్టిన ఎవ్రీమన్స్ లైబ్రరీ అనే వరస పుస్తకాలు అప్పట్లో ఒక్కోటి ఒక్క షిల్లింగు. అందరి చేతికీ అందాలనే వేసినవి. చదువుకోవడానికి నాకు వాటికి మించినవి లేవు, చేతిలో చక్కగా ఇముడుతాయి.

బొమ్మలున్న ప్రతి అయితే ముందున్న బొమ్మల పట్టికతో సరిచూసుకోండి. ఫ్రేము కట్టించుకోడానికి కత్తిరించేసినవి చాలా ఉంటాయి. చివరి పేజీ ఉందో లేదో కూడా చూడండి.

ఇక వాసన. గోధుమ రంగు చుక్కలుంటే ఫరవాలేదు. బూజు వాసన ముక్కుకు కొడితే అక్కడే వదిలేయండి, ఇంట్లో మిగతా పుస్తకాలకూ అంటుకుంటుంది.

మొదటి కాగితం మీద ఎవరి పేరో, బడిలో ఇచ్చిన బహుమతి చీటీయో ఉంటే దయచేసి చెరపకండి, చింపకండి. ఆ పుస్తకం ఎవరి చేతుల్లో పెరిగిందో చెప్పేది అదొక్కటే.

ఇంటికి తెచ్చాక మెత్తని బ్రష్‌తో పై అంచు దుమ్ము దులపండి, వెన్ను నుంచి బయటికి. రెండు రోజులు నీడలో గాలి తగలనివ్వండి. ఎండలో పెడితే గుడ్డ రంగు వెలుస్తుంది. చిరిగినచోట సెల్లో టేపు వద్దు, దాని జిగురు కాగితాన్ని పసుపు పట్టిస్తుంది. పచ్చి వేపాకులూ పెట్టకండి, మరక పడుతుంది.

వెన్ను బిగుసుకుపోయి ఉంటే పుస్తకాన్ని బల్ల మీద వెన్ను మీద నిలబెట్టి, రెండు అట్టలూ వాల్చండి. ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు వేస్తూ, వేలితో మెల్లగా నొక్కుతూ నడుముదాకా రండి. షెల్ఫులోంచి తీసేటప్పుడు పై అంచు పట్టి లాగొద్దు. పక్క పుస్తకాలు రెండూ లోపలికి నెట్టి, నడుం పట్టుకుని తీయండి.