వేసవి కీరదోస సలాడ్లు – రెండవ పాఠం: ఉప్పు, నీరు, సమయం

మొదటి పాఠంలో లేత కాయను ఎంచుకోవడం, తొడిమ వైపు చిన్న ముక్క కొరికి చేదును పరీక్షించడం, ముక్కలన్నీ ఒకే మందంలో వచ్చేటట్లు కోయడం అభ్యసించాము. ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని ఒక్కటే: కీరదోసలోని నీటిని మన అదుపులో ఉంచుకోవడం. కాయ బరువులో దాదాపు 95 శాతం నీరు ఉంటుంది కనుక, ఎంత రుచిగా కలిపిన సలాడ్ అయినా అరగంట గడిచేసరికి గిన్నె అడుగున నీళ్లు చేరి, నిమ్మరసం పలుచబడి, పైన చల్లిన మిరియాల పొడి సైతం ఆ నీటిలో తేలుతూ కనిపిస్తుంది. చాలామంది దీన్ని మసాలా చాలకపోవడంగా భావించి ఇంకాస్త ఉప్పు వేస్తారు. దానితో నీరు మరింత ఊరుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో ముందుగా తెలుసుకుంటే, తరువాత చెప్పబోయే కొలతలను గుడ్డిగా పాటించవలసిన అవసరం ఉండదు. కోసిన ముక్కపై ఉప్పు చల్లినప్పుడు అది పైనున్న పలుచని తేమలో కరిగి చిక్కని ఉప్పునీరుగా మారుతుంది. ముక్క లోపలి కణాలలో ఉన్న నీటిలో ఉప్పు చాలా తక్కువ కాబట్టి, ఆ నీరు కణాల పొరలను దాటుకొని చిక్కదనం ఎక్కువగా ఉన్న బయటివైపునకు వస్తుంది. పాఠశాలలో ద్రవాభిసరణం అనే పేరుతో చదువుకున్నది ఇదే. చక్కెర కూడా ఇదే పని చేస్తుంది కానీ ఉప్పు అంత వేగంగా చేయదు. నీరు గిన్నెలోకి ఎలాగూ రాబోతోంది కనుక, మసాలా కలపక ముందే దాన్ని రప్పించి పారబోయడం మంచిదన్నది ఈ పాఠానికి ఆధారమైన ఆలోచన.

ఇక పని మొదలుపెడదాం. అర కిలో కీరదోసకాయలను, తొక్క తీయదలచుకున్నా సరే, ముందుగా పారే నీటిలో రుద్ది కడగండి. కడగని కాయపై కత్తి పెడితే తొక్క మీది మట్టి, క్రిములు లోపలి గుజ్జుకు అంటుకుంటాయి. కాయ లేతదైతే తొక్కను, గింజలను ఉంచవచ్చు. ముదిరినదైతే నిలువుగా రెండుగా చీల్చి, మధ్యనున్న గింజల భాగాన్ని చెంచా అంచుతో పై నుంచి కింది వరకు ఒక్క లాగుతో గీకివేయండి, ఎందుకంటే అన్నిటికంటే నీరుగా, మెత్తగా ఉండేది ఆ భాగమే. ముక్కలను సుమారు 3 మిల్లీమీటర్ల మందంలో కోసి, చిల్లుల గిన్నెలో వేసి, ఒక టీ స్పూను మెత్తని ఉప్పును, అంటే 5 నుంచి 6 గ్రాముల వరకు, చేతితో అన్ని ముక్కలకు తగిలేటట్లు కలపండి. కల్లుప్పు వాడేవారు స్పూనుతో కాక తూకంతో కొలవడం మేలు. గళ్లు పెద్దవైన కొద్దీ అదే స్పూనులో పట్టే బరువు మారుతుంది. చిల్లుల గిన్నె కింద మరొక గిన్నె ఉంచి, 20 నుంచి 30 నిమిషాల పాటు వదిలేయండి. గది వేడిగా ఉంటే ఈ సమయమంతా ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్కలు చల్లబడటం, నీరు దిగడం రెండూ కలిసి జరిగిపోతాయి.

సమయం పూర్తయ్యాక ముక్కను రెండు వేళ్లతో వంచి చూడండి. విరగకుండా వంగితే నీరు తగినంత దిగినట్లు. మెత్తబడిందేమో అని కంగారుపడవద్దు. నోట్లో వేసుకుంటే అది ఇంకా కరకరలాడుతుంది, ఎందుకంటే కణాలలోని నీరు తగ్గినా వాటి గోడలు అలాగే నిలిచి ఉంటాయి. పలుచని ముక్కలనైతే గుప్పెట్లో తీసుకొని నెమ్మదిగా పిండండి. మందంగా కోసినవి పిండితే నలిగిపోతాయి కనుక, వాటిని శుభ్రమైన బట్టలో పరచి అద్దితే చాలు. ఆ తరువాత తప్పకుండా ఒక ముక్క రుచి చూడండి. ఉప్పగా ఉంటే చల్లని నీటితో ఒక్కసారి కడిగి మళ్లీ అద్దండి. రుచి చూడకుండా మసాలాలో తిరిగి ఉప్పు వేయడం ఈ పాఠంలో ఎవరికైనా జరగగల పెద్ద పొరపాటు.

కలిపే వరుసకూ ప్రాముఖ్యం ఉంది. ముందుగా ఒక టేబుల్ స్పూను నిమ్మరసం, అర టీ స్పూను చక్కెర, కొద్దిగా మిరియాల పొడి కలిపి ముక్కలకు పట్టించండి. నీరు కోల్పోయిన ముక్కపై పులుపు జారిపోకుండా నిలుస్తుంది. నూనె వేయదలిస్తే ఒక టేబుల్ స్పూను చివరగా వేయండి. ముందే వేస్తే నూనె ముక్కల చుట్టూ పొరలా పట్టి, నిమ్మరసాన్ని అంటనివ్వదు. ఉల్లిపాయ వేసేవారు సన్నగా తరిగి 10 నిమిషాలు చల్లని నీటిలో నానబెట్టి వంచేస్తే ఘాటు తగ్గి, కీరదోస సున్నితమైన వాసనను మింగివేయదు. పుదీనా, కొత్తిమీర వడ్డించే ముందు మాత్రమే వేయండి. పులుపులో నానితే వాటి ఆకుపచ్చ రంగు మాసిపోతుంది. చల్లదనం నాలుకకు రుచిని కొంత మందగింపజేస్తుంది కనుక, బాగా చల్లగా వడ్డించే సలాడ్‌కు పులుపును రవ్వంత ఎక్కువగా సరిచూసుకోండి.

ఉప్పు పట్టించే తీరిక లేనప్పుడు ఏం చేయాలి? కాయను పలుచగా కోయకుండా, అప్పడాల కర్రతో మెల్లగా తట్టి, చీలిన చోట చేతితో పెద్ద ముక్కలుగా విడదీసి, మసాలా కలిపి వెంటనే తినండి. కత్తికోత నున్నగా ఉంటుంది. ఇలా చీలిన ముక్క గరుకుగా ఉండి మసాలాను బాగా పట్టుకుంటుంది. నా దృష్టిలో మండు వేసవి మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురికి చేసుకోవడానికి దీనికి మించిన పద్ధతి లేదు, కానీ ఇది నిలువ ఉండదు. ఉప్పు పట్టించి నీరు తీసిన ముక్కలను మాత్రం మసాలా కలపకుండా మూత పెట్టి ఫ్రిజ్‌లో మరుసటి రోజు వరకు ఉంచుకోవచ్చు. ఏ సలాడ్‌నైనా బయట 2 గంటలకు మించి, గది వేడి 32 డిగ్రీల సెల్సియస్ దాటితే 1 గంటకు మించి ఉంచకండి.

తరువాతి పాఠంలో పెరుగుతో చేసే సలాడ్‌కు వెళతాము. అక్కడ కాయ నీటికి పెరుగు నీరు కూడా తోడవుతుంది కనుక, ఈ లోగా ఒక అభ్యాసం చేసి ఉంచుకోండి. ఒకే కాయను సగం చేసి, ఒక సగానికి పైన చెప్పినట్లు ఉప్పు పట్టించి నీరు తీయండి, రెండవ సగాన్ని అలాగే కోసి ఉంచండి. రెండింటికీ సమానంగా నిమ్మరసం, చక్కెర, మిరియాల పొడి కలపండి. రెండవ సగానికి మాత్రం రుచికి చిటికెడు ఉప్పు వేయండి. 30 నిమిషాల తరువాత రెండు గిన్నెల అడుగున చేరిన నీటిని విడివిడిగా గ్లాసులలోకి వంచి పక్కపక్కన పెట్టి చూడండి, ఆ తరువాత రెండు రకాల ముక్కలనూ రుచి చూసి తేడాను ఒక కాగితంపై రాసుకోండి.