బ్రొకోలీలో సత్తా పోకుండా వండాలంటే: కోసి ఆగండి, ఆవిరి పట్టండి, ఆవ పెట్టండి

అంత ఖరీదు పెట్టి బ్రొకోలీ కొని, కుక్కర్లో రెండు విజిల్స్ రానిచ్చి, ఆ పచ్చటి నీళ్లు సింకులో పారబోస్తుంటే చూసి నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి తెలియాలి. బ్రొకోలీ ఒంటికి మంచిదని అందరూ గొప్పగా చెప్పడానికి కారణమైన సల్ఫోరాఫేన్ అనే పదార్థం పచ్చి పువ్వులో సిద్ధంగా ఉండదు. గ్లూకోరాఫనిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. కత్తి పడో, పన్ను పడో కణాలు చితికి ఆ రెండూ కలిసినప్పుడే అది తయారవుతుంది. మన ఆవాల సంగతీ అంతే. డబ్బా మూత తీసి వాసన చూస్తే ఏమీ ఉండదు, అవే ఆవాలు కాస్త నీళ్లు చల్లి నూరితే ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అక్కడా పని చేసేది మైరోసినేజే. దానికి వేడి పడదు. మనం చేసేదంతా దాన్ని కాపాడుకోవడమే.

కొనేటప్పుడు మొగ్గలు దగ్గరగా, ముదురు ఆకుపచ్చగా ఉన్న పువ్వు చూసుకోండి. పసుపు తిరిగిందంటే అది పాతది. ఇంటికి తెచ్చాక కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వండేయండి. పురుగుల భయంతో చాలామంది కాలీఫ్లవర్‌ని ముంచినట్టే దీన్నీ మరిగే నీళ్లలో వేస్తారు, వద్దు. ఉప్పు, పసుపు వేసిన మామూలు నీళ్లలో పెద్ద రెబ్బలుగానే పది నిమిషాలు ఉంచి, కుళాయి కింద కడిగితే చాలు.

ఇప్పుడు అసలు పని. రెబ్బల్ని చిన్నగా తరగండి, ఎంత చిన్నగా తరిగితే అంత మంచిది. కాడ పారేయకండి, పైన పీచు చెక్కేస్తే లోపలిది లేతగా, తియ్యగా ఉంటుంది. తరిగాక ముక్కల్ని పళ్లెంలో పరిచి వదిలేయండి. 2018లో చైనాలో చేసిన ఒక పరిశోధనలో, తరిగి గంటన్నర ఆగి వేయించిన బ్రొకోలీలో సల్ఫోరాఫేన్ వెంటనే వేయించిన దానికంటే 2.8 రెట్లు ఎక్కువ ఉన్నట్టు తేలింది. పొద్దున్నే హడావిడిలో గంటన్నర ఎవరి వల్లా కాదు కాబట్టి, బియ్యం కడిగి నానబెట్టేటప్పుడే ఇదీ తరిగి పెట్టుకుంటే అరగంట, నలభై నిమిషాలైనా దొరుకుతాయి.

తర్వాత ఇడ్లీ పాత్రలో నీళ్లు బాగా మరిగాక, చిల్లుల పళ్లెంలో ముక్కలు పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పట్టండి. రంగు మెరిసే పచ్చగా మారి, కాడ ముక్క గిల్లితే ఇంకా కాస్త గట్టిగా తగిలిందంటే దించేయాలి. నీళ్లలో ఉడికిస్తే సి విటమిన్‌తో పాటు గ్లూకోరాఫనిన్ కూడా నీళ్లలోకి దిగిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఆవ పెట్టడం. మన ఇళ్లలో అరటికాయకి, పనసపొట్టుకి ఆవ పెడతారు కదా, అది బ్రొకోలీకి అచ్చంగా కుదురుతుంది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు వేసి, ఆవిరి పట్టిన ముక్కలు, ఉప్పు వేసి ఒక్కసారి కలిపి దించేయండి. గోరువెచ్చగా అయ్యాక, అర టీస్పూను పచ్చి ఆవపొడిని రెండు చెంచాల నీళ్లలో కలిపి వేసి పది నిమిషాలు మూత పెట్టండి. నిమ్మకాయ చివర్లో పిండుకోండి. పొయ్యి మీద ఉండగా ఆవ వేస్తే చేదెక్కుతుందని పెద్దవాళ్లు చెప్పేది నిజమే, ఎంజైమ్ కూడా పోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు ఈ లెక్కలోకి రావు. ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో 200 గ్రాముల వండిన బ్రొకోలీకి 1 గ్రాము ఆవపొడి కలిపి తినిపిస్తే, ఒంటికి అందిన సల్ఫోరాఫేన్ నాలుగు రెట్లకు పైగా పెరిగింది. ఫ్రోజెన్ బ్రొకోలీ వాడేవాళ్లకైతే ఆవ తప్పనిసరి, ఎందుకంటే గడ్డకట్టించే ముందే దాన్ని వేడినీళ్లలో ముంచి తీస్తారు, ఇక తరిగి ఎంతసేపు ఆగినా లాభం ఉండదు.

మొలకల సంగతి. 1997లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలలే అనే శాస్త్రవేత్త బృందం, మూడు రోజుల బ్రొకోలీ మొలకల్లో గ్లూకోరాఫనిన్ ముదురు పువ్వులో కంటే 10 నుంచి 100 రెట్లు ఉంటుందని చూపించింది. మొలకల కోసమే అమ్మే విత్తనాలు కొనండి, మందు పట్టించిన పొలం విత్తనాలు అస్సలు వద్దు. రెండు చెంచాల విత్తనాలు ఏడెనిమిది గంటలు నానబెట్టి, నీళ్లు వంపేసి, శుభ్రమైన గాజు సీసాలో వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టి, నీరు కారిపోయేలా ఏటవాలుగా బోర్లించండి. రోజుకు మూడుసార్లు తాగే నీళ్లతో జాడించాలి. రెండో రోజు వేళ్ల చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తే బూజు పట్టిందని టెన్షన్ పడకండి, నీళ్లు పోయగానే అణిగిపోతే అవి వేరు రోమాలు. జిగురుగా ఉండి పుల్లటి వాసన వస్తే మాత్రం మొత్తం పారేయండి. మన మే నెల ఎండల్లో తొందరగా పాడవుతాయి కాబట్టి చలికాలంలో మొదలుపెడితే మంచిది.

మూడు నుంచి ఐదు రోజుల్లో రెండు ఆకులు విచ్చుకుంటాయి. బాగా నమిలి తినాలి, లేదా పెరుగు పచ్చడి కలిపే ముందు మిక్సీలో ఒక తిప్పు తిప్పాలి. మిగిలినవి తడి ఆరాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో అయిపోగొట్టండి. పచ్చి మొలకల్లో సాల్మొనెల్లా, ఈ కోలి లాంటి సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది, అందుకని గర్భిణులకు, పసిపిల్లలకు, బాగా పెద్దవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లకు పచ్చివి పెట్టకండి. బ్రొకోలీలో కె విటమిన్ ఎక్కువ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతున్నవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి. పచ్చివి పడనివాళ్లకు మొలకల్ని పూర్తిగా ఉడికించి, దించాక అదే ఆవపొడి చిటికెడు కలిపి ఇవ్వండి.