గ్యాస్ లైను లేని పాత అద్దె ఇంటికి హీట్ పంప్: ఇంగ్లండ్, వేల్స్‌లలో గ్రాంటు దరఖాస్తు విధానం

ఇంగ్లండ్, వేల్స్ పల్లెల్లో గ్యాస్ లైను చేరని పాత ఇళ్లు చాలావరకు పెరట్లోని ఆయిల్ ట్యాంకు మీదో, ఎల్‌పీజీ మీదో, కరెంటు హీటర్ల మీదో చలికాలం గడుపుతాయి. అలాంటి ఇంటిని అద్దెకిచ్చిన యజమాని హీట్ పంప్ పెట్టించదలిస్తే బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద గ్రాంటు పొందవచ్చు. 2022 మేలో మొదలైన ఈ పథకాన్ని బ్రిటన్ ఇంధన నియంత్రణ సంస్థ ఓఫ్‌జెమ్ నిర్వహిస్తోంది. బయటి గాలి నుంచి వేడిని తీసుకుని రేడియేటర్లకు, కుళాయి నీళ్లకు అందించే పంపుకు 2023 అక్టోబరులో ఈ గ్రాంటును 7,500 పౌండ్లకు పెంచారు. స్కాట్లాండ్‌కు వేరే పథకం ఉంది.

ముందుగా గ్రహించవలసిన విషయం ఏమిటంటే, ఈ దరఖాస్తును యజమాని గానీ, అద్దెదారు గానీ నేరుగా పెట్టలేరు. ఎంసీఎస్ (ఇలాంటి పరికరాలకు, వాటిని బిగించేవారికి నాణ్యతా ధ్రువీకరణ ఇచ్చే పథకం) ధ్రువీకరణ ఉన్న ఇన్‌స్టాలరే, అంటే పంపు బిగించే సంస్థే, యజమాని తరఫున పెట్టాలి. అద్దెకున్నవారు చేయగలిగింది యజమానిని ఒప్పించడమే. కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు తక్కువ అద్దెకిచ్చే సోషల్ హౌసింగ్ ఇళ్లకు ఈ గ్రాంటు వర్తించదు. ఫ్లాటు అయితే లీజు ఒప్పందాన్ని బట్టి ఫ్రీహోల్డరు (భవనం, స్థలం అసలు హక్కుదారు) అనుమతి కూడా తీసుకోవలసి రావచ్చు. ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే స్థానిక కౌన్సిల్‌ను ముందే సంప్రదించాలి.

అద్దె ఇంటికి ఈపీసీ, అంటే ఇంధన సామర్థ్య ధ్రువపత్రం, ఎలాగూ ఉండవలసిందే. 2020 ఏప్రిల్ నుంచి మినహాయింపు లేని ప్రతి అద్దె ఇల్లూ అందులోని ‘ఏ’ నుంచి ‘జీ’ వరకున్న శ్రేణుల్లో కనీసం ‘ఈ’ (E) శ్రేణిలో ఉండాలి. ఈపీసీ పదేళ్లు చెల్లుతుంది కనుక తేదీ ఒకసారి చూసుకోండి. అటక మీదా, గోడల మధ్యా ఇన్సులేషన్ వేయించమన్న సిఫారసు పెండింగులో ఉంటే గ్రాంటు రాదన్న షరతును 2024 మేలో తొలగించారు. అయినా అటక మీద ఇన్సులేషన్ వేయించి పంపు పెట్టించడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వేడి పైకప్పు గుండా పోతుంటే ఆ బిల్లు కట్టేది అద్దెదారే.

అసలు పని సర్వేలోనే ఉంది. ఇన్‌స్టాలరు గది గదికీ ఉష్ణ నష్టాన్ని లెక్కగట్టాలి. ఆయిల్ బాయిలరు సుమారు 70 డిగ్రీల నీటిని పంపితే, హీట్ పంపు దాదాపు 45 డిగ్రీల దగ్గర పొదుపుగా నడుస్తుంది. అందువల్ల పాత ఇళ్లలో కొన్ని రేడియేటర్లను పెద్దవాటితో మార్చవలసి వస్తుంది. గొట్టాలు 8, 10 మిల్లీమీటర్ల సన్నవైతే వాటినీ మార్చమనవచ్చు. మీటరు పెట్టె తెరిచి మెయిన్ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో చూపించండి. అది 60 అయితే విద్యుత్ పంపిణీ సంస్థ దాన్ని పెంచవలసి రావచ్చు, అందుకు వ్యవధి పడుతుంది. వేడినీటి సిలిండరుకు అద్దెదారు అల్మారా ఒకటి పోతుంది. ఆ మాట కొటేషన్‌పై సంతకం పెట్టకముందే వారికి చెప్పడం మర్యాద.

కొటేషన్ ఖరారయ్యాక ఇన్‌స్టాలరు దరఖాస్తు పంపుతారు. అప్పుడు ఓఫ్‌జెమ్ యజమానిని సంప్రదించి సమ్మతి అడుగుతుంది. ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటున్న యజమానులు ఇక్కడ మరింత జాగ్రత్త పడాలి: రోజూ చూసే ఈమెయిల్ చిరునామానే ఇన్‌స్టాలరుకు ఇచ్చి, స్పామ్ ఫోల్డరునూ వెతుకుతుండాలి. గడువులోగా జవాబు ఇవ్వకపోతే, మిగతా కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా దరఖాస్తు ముందుకు సాగదు.

ఆమోదం వచ్చాక జారీ అయ్యే వోచరు గాలి ఆధారిత పంపుకు మూడు నెలలు, భూగర్భ వేడితో నడిచేదానికి ఆరు నెలలు చెల్లుతుంది. ఆ లోగా పాత వ్యవస్థను తీసేసి, కొత్తదాన్ని నడిపించి, ఇన్‌స్టాలరు వోచరును సమర్పించాలి. గ్రాంటు సొమ్ము వారికే చేరుతుంది కాబట్టి మీ బిల్లులో ఆ 7,500 పౌండ్లు తగ్గించి చూపారో లేదో సరిచూసుకోండి. 2027 మార్చి 31 వరకు ఈ పనికి వ్యాట్ సున్నా. కొటేషన్‌లో వ్యాట్ కనిపిస్తే కారణం అడగండి.

ఎంసీఎస్ ధ్రువపత్రాన్ని, వారంటీ కాగితాలను యజమాని దాచుకోవాలి. వాడకం వివరించే పుస్తకం మాత్రం ఇంట్లోనే ఉండాలి. రాత్రి ఆపేసి పొద్దున్నే మంట పెంచే బాయిలరు అలవాటు దీనికి నప్పదని అద్దెదారుకు ఎవరో ఒకరు చేసి చూపించాలి. తర్వాత ఓఫ్‌జెమ్ తనిఖీకి మనిషిని పంపే అవకాశమూ ఉంది. ఆ రోజు తలుపు తీయవలసింది అద్దెదారే కనుక వారికి ముందుగానే తెలియజేసి ఉంచండి.